కోరస్ దేదీప్య

శనివారం పొద్దున కాఫీ తాగి, కారు అద్దం మీద గడ్డకట్టిన మంచు గీకేసి, దేదీప్య ముందు ఖాళీ ఇళ్లకి వెళ్తుంది. డెట్రాయిట్ శివార్లలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోనూ నోవైలోనూ అమ్మకానికి పెట్టిన ఇళ్లవి. తాళాలు రియల్టర్ లక్ష్మీపతి దగ్గరుంటాయి. ఆయన ముందే వచ్చి హీటర్ పెంచి, వంటింటి గట్టు మీద యాపిల్స్ గిన్నె పెట్టి, గుమ్మంలో చేతులు రుద్దుకుంటూ నిలబడి ఉంటాడు.

“రామ్మా. షూస్ ఇక్కడే విప్పెయ్, కార్పెట్ కొత్తది. లివింగ్ రూమ్‌లో కొంచెం చాలు. బేస్‌మెంట్‌లో మాత్రం గట్టిగా పాడు. అక్కడ అడుగు పెడితే ఎవరికైనా దిగులుగా ఉంటోంది.”

దేదీప్య ఒక్కో గదిలో గోడ పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, ఊ అనో ఆ అనో ఏదో ఒక రాగం తీస్తుంది. ఆమె గొంతు పాడిన చోట నిలిచిపోతుంది. ఆమె కారెక్కి వెళ్లిపోయాక కూడా ఆ గదిలో మెల్లగా పాడుతూనే ఉంటుంది. వేసవిలో అయితే రెండు రోజులు, చలికాలం తలుపులన్నీ బిగించి ఉంటాయి కాబట్టి వారం దాకా. మధ్యాహ్నం ఇల్లు చూడటానికి వచ్చిన మొగుడూ పెళ్లాలు గడప దాటగానే పోట్లాట ఆపేస్తారు. పిల్లలు బేస్‌మెంట్‌లోంచి పైకి రామంటారు. సోమవారానికల్లా ఇల్లు అమ్ముడుపోతుంది.

“ఈస్ట్ ఫేసింగ్ అండీ, వాస్తు పర్‌ఫెక్ట్” అంటాడు లక్ష్మీపతి, కొన్నవాళ్ల చెయ్యి ఊపేస్తూ. దేదీప్యకి ఒక మైసూర్‌పాక్ డబ్బా ఇస్తాడు. ఆయన మంచివాడే. కాకపోతే మంచితనం డబ్బాతో ముగిసిపోతుంది.

ఇంట్లో ఆమె తల్లి లీలావతికి ఈ గొంతుతో రోజూ పేచీయే. “మైక్రోవేవ్ తీస్తే నువ్వే, బట్టల అలమర తీస్తే నువ్వే. నిన్న ఫోన్‌లో మీ పిన్ని ‘వెనక ఎవరే, రేడియోనా’ అని అడిగింది. కనీసం పూజగదిలో నన్ను ఒంటరిగా ఉండనీయవే” అంటుంది. అంటుందే గానీ, కూతురు ఆఫీస్‌కి వెళ్లాక ఆ అలమర తలుపు కాస్త తెరిచే పెట్టుకుంటుంది.

దేదీప్య ఉద్యోగం నోవైలో, కార్ల సీట్లు తయారు చేసే కంపెనీలో. కొత్త సీటుని ఒక నిశ్శబ్దపు గదిలో పెట్టి ఊపుతారు. ఎక్కడ కిర్రుమంటోందో, ఏ మర వదులుగా ఉందో చెప్పడం ఆమె పని. యంత్రాలకి అందని చప్పుడు కూడా ఆమె చెవికి అందుతుంది. ఆ గది తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది: లోపల కూనిరాగాలు తీయరాదు. ఒకసారి ఆమె మరిచిపోయి తీస్తే, మర్నాడు సీట్లన్నీ పాడుతున్నాయని రిపోర్టు వెళ్లింది.

శుక్ర, శని సాయంత్రాలు మాత్రం డెట్రాయిట్. అక్కడ ఒక క్లబ్బులో మిస్ లొరైన్ వెనక కోరస్ పాడుతుంది.

మిస్ లొరైన్‌కి డెబ్బై దాటాయి. నల్లజాతి చర్చిల్లో పుట్టి పెరిగిన సోల్ సంగీతం ఆమెది. గుండెలో ఉన్నది గొంతులో దాచకుండా పాడటమే సోల్ అంటుంది ఆవిడ. దేదీప్య చిన్నప్పుడు వాళ్ల అపార్ట్‌మెంట్‌కి ఎదురుగా చర్చి ఉండేది. ఉగాదికి పులిహోర చేసి, ఆ చర్చివాళ్లకి ఇచ్చి రమ్మని లీలావతి కూతుర్ని పంపింది. లోపల మిస్ లొరైన్ పాట నేర్పుతోంది. పిల్ల చీకటిపడ్డా తిరిగి రాలేదు. తర్వాత వారం ఖాళీ గిన్నె తెచ్చుకుంటానని వెళ్లింది, అప్పుడూ రాలేదు. అలా మొదలైన కోరస్ ముప్ఫై ఏళ్లు దాటినా నడుస్తూనే ఉంది.

క్లబ్బులో ఒక చిత్రం జరుగుతుంది. రాత్రి మిస్ లొరైన్ పాట పాటతోనే అయిపోతుంది. మర్నాడు మధ్యాహ్నం భోజనానికి వచ్చినవాళ్లకి వినపడేది దేదీప్య గొంతే, గోడల్లోంచి, బల్లల కిందనుంచి. వాళ్లు ఫోర్కు పక్కన పెట్టి కాసేపు విని, “నిన్న లొరైన్ అదరగొట్టిందట” అని చెప్పుకుంటారు. దేదీప్య పేరు అక్కడ ఎవరికీ తెలీదు. తెలిసిన కొద్దిమందీ డీ అంటారు. ఇటు నోవైలో తెలుగువాళ్లకి హైదరాబాద్ నుంచి ఎవరు పాడటానికొచ్చినా వెనక నిలబడేది ఆమే కాబట్టి ఆమె పేరు కోరస్ దేదీప్య. నలభై నిండినా కోరస్ అమ్మాయే.

ఆమెకి తన పాటలు లేవా అంటే ఉన్నాయి. సోల్ బాణీలో తెలుగు మాటలు. తనే రాసి, తనే కట్టి, సెలవులన్నీ ఖర్చుపెట్టి “మంచు దారి” అని ఒక ఆల్బమ్ చేసింది. తెలుగువాళ్లు విని, “బాగుందమ్మా, కానీ చర్చి పాటలా ఉంది” అన్నారు. డెట్రాయిట్‌లో విని, “బ్యూటిఫుల్, ఏ భాష?” అన్నారు. ఆ రెండు మాటల మధ్య ఆల్బమ్ చడీచప్పుడు లేకుండా మునిగిపోయింది. స్టూడియో గోడలకి నురగ దిండ్లుంటాయి కదా, గొంతుని అవి పీల్చేసుకున్నాయి. అక్కడ కూడా ఏమీ మిగల్లేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం, రిహార్సల్ అయ్యాక మిస్ లొరైన్ ఆమెని పక్కన కూర్చోబెట్టుకుంది. ఇంగ్లీషులోనే చెప్పింది, నెమ్మదిగా.

“డీ, జూన్‌లో నది ఒడ్డున నా పెద్ద కచేరీ. అదే ఆఖరుది, మోకాళ్లు ఇంక ఒప్పుకోవట్లేదు. నాకు ముందు ఒక అరగంట ఖాళీ ఉంది. అది నీకిమ్మని అడిగాను.”

దేదీప్య చేతిలోని పాటల కాగితాలు పక్కన పెట్టి ఆవిడ వైపు తిరిగింది.

“వాళ్లు ఊరికే ఇవ్వరు. నువ్వు ఒంటరిగా, జనం ముందు, నీ పాట పాడిన వీడియో ఒకటి కావాలన్నారు. ఏప్రిల్ ఆఖరులోపు.”

“ఇక్కడే ఓ రోజు పాడేస్తాను.”

“ఇక్కడ పాడితే ఏ భాష అని అడుగుతారు, బీర్ తెచ్చుకోడానికి లేస్తారు. ఆ మాటలు తెలిసినవాళ్ల ముందు పాడు. ఇంకో సంగతి. నీ ఆల్బమ్ విన్నాను, చాలాసార్లు. నువ్వు ప్రతి వరుసా చివర్లో వదిలేస్తున్నావు.”

దేదీప్యకి అర్థంకాలేదు. మిస్ లొరైన్ ఆమె చెయ్యి పట్టుకుంది.

“నా వెనక పాడేటప్పుడు నువ్వు వరుస చివర కాస్త ముందే ఆపేస్తావు, ఆఖరి మాట నాకొక్కదానికే వినపడాలని. నేనే నేర్పాను. కోరస్ అలాగే పాడాలి. కానీ నీ పాటలో ఆఖరి మాట ఎవరికోసం వదులుతున్నావు? ఎవరో వచ్చి పూర్తి చేస్తారని తలుపు తెరిచి కూర్చున్నట్టుంది. ఎవరూ రారమ్మా.”

ఆ మాట దేదీప్యకి సూటిగా తగిలింది. ఇంటికొచ్చి ఆల్బమ్ పెట్టుకుని వింది. నిజమే. సీటులో కిర్రు పట్టుకునే చెవి, పదేళ్లుగా తన పాటలో ఈ లోపం పట్టుకోలేకపోయింది. ప్రతి వరుసా బ్రహ్మాండంగా లేచి, ముగియబోయే ముందు మొహమాటపడి తప్పుకుంటోంది. సిగ్గేసింది, కోపమొచ్చింది. కోపం వచ్చినందుకు హాయిగా అనిపించింది.

మర్నాటి నుంచి గరాజ్‌లో సాధన. ఒకటే పాట.

*మంచు కురిసిన దారిలో*
*మొదటి జాడ నాదే*
*పిలిచినా పిలవకున్నా*
*ఇక్కడే, ఇక్కడే, నేనున్నాను*

గరాజ్‌లో పాడటంలో ఒక సుఖం, ఒక నరకం ఉన్నాయి. సాయంత్రం పాడింది పొద్దున తలుపు ఎత్తగానే ఎదురుగా వినపడుతుంది. ‘నేనున్నాను’ దగ్గర ఎలా నీరుగారిపోయిందో తన గొంతే తనకి చెబుతుంది. దాని మీద మళ్లీ పాడేది. మర్నాడు రెండూ వినపడేవి. నెలాఖరుకి గరాజ్ నిండా దేదీప్యలే, ఒకరి తర్వాత ఒకరు తడబడుతూ. లీలావతి బియ్యం బస్తా కోసం అందులోకి వెళ్లడం మానేసింది.

“అమ్మా, ఇవాళ ఎలా ఉంది?”

“మళ్లీ మింగావు.”

“ఇప్పుడు?”

“సగం మింగావు. అన్నం తింటావా, పాట తింటావా?”

దేదీప్య రెండూ తినలేదు. మళ్లీ గరాజ్‌లోకే వెళ్లింది.

మార్చి ఆఖరున తెలుగు సంఘం వార్షికోత్సవం. నోవైలో ఒక హైస్కూల్ ఆడిటోరియం తీసుకున్నారు. హైదరాబాద్ నుంచి సినిమా గాయకుడు నిశాంత్ వస్తున్నాడు. సాంస్కృతిక కార్యదర్శి జగదీష్ ఫోన్ చేశాడు.

“దేదీప్య గారూ, మీరు లేకపోతే ప్రోగ్రామే లేదండీ. నిశాంత్ గారు కూడా లోకల్ కోరస్ కావాలన్నారు.”

“వస్తానండీ. కానీ నా సొంత పాట ఒకటి పాడాలి. అయిదు నిమిషాలు. జనం ఉన్నప్పుడు, వీడియోతో.”

“అదెంత పనండీ! స్లాట్ లాక్ చేసేస్తున్నా.”

“పోయిన మూడేళ్లూ ఇదే మాట అన్నారు.”

“ఈసారి పక్కా. ప్రామిస్. నిశాంత్ గారి సెగ్మెంట్ అవగానే మీదే.”

మూడేళ్లూ జరిగింది ఏమిటంటే సన్మానాలు. మన సంఘాల్లో హాలు అద్దె, ట్రాకులు, పప్పు, గులాబ్ జామూన్ అన్నీ స్పాన్సర్ల చలవే కాబట్టి, వాళ్లని స్టేజీ మీదకి పిలవాలి. ఒకాయన్ని పిలిస్తే భార్యని కూడా పిలవాలి. భార్యని పిలిస్తే పిల్లల్ని పిలవాలి. శాలువా, బొకే, ఫొటో. ఫొటోలో కళ్లు మూసుకుంటే ఇంకో ఫొటో. ఎంత పకడ్బందీగా వేసిన ప్రోగ్రామైనా ఈ శాలువాల కిందే ఊపిరాడక పోతుంది. చివర్లో మిగిలిన లోకల్ టాలెంట్‌కి ఒక శాలువా కప్పి, వచ్చే ఏడాది అంటారు.

ఆ రోజు దేదీప్య బూడిద రంగు పట్టుచీర కట్టుకుంది. తల్లి ముందు వరసలో కూర్చుంది. వీడియో తీసే అబ్బాయితో ముందే మాట్లాడుకుంది. నిశాంత్ మర్యాదస్తుడే, బాగా పాడాడు. ఆమె ఎడమ పక్క, వెనగ్గా, తనకి అలవాటైన చోట నిలబడి ప్రతి వరుస చివరా తప్పుకుంటూ అతన్ని నిలబెట్టింది. హాలంతా ఈలలు. తర్వాత సన్మానాలు మొదలయ్యాయి.

సిల్వర్ స్పాన్సర్లు అయ్యారు. గోల్డ్ స్పాన్సర్లు అయ్యారు. ఆఖరున ప్లాటినం. లక్ష్మీపతి శాలువా సర్దుకుంటూ మైకు అందుకున్నాడు.

“రెండే రెండు ముక్కలు. నోవైలో మనవాళ్లకి ఇళ్లు దొరకాలంటే…”

ఆయన ఖాళీ ఇళ్ల చరిత్రంతా చెప్పుకొచ్చాడు. ఏ ఇల్లు ఎందుకు అమ్ముడుపోయిందో వివరంగా చెప్పాడు. తూర్పు దిక్కు, స్కూల్ డిస్ట్రిక్ట్, గ్రానైట్ గట్లు. దేదీప్య తెర పక్కన మంచినీళ్ల సీసా పట్టుకుని నిలబడి, ఒక్కో మాటా తన పాటలోంచి కోసుకుపోతుంటే వింది. ఆమె గొంతుతో అమ్ముకున్న ఇళ్ల గురించి చెప్పడానికి ఆమె పాట సమయమే ఖర్చవుతోంది. ఆయనకా సంగతి తట్టలేదు. తడితే పాపం ఆపేసేవాడే.

హాలు లైట్లు ఒకసారి ఆరి వెలిగాయి. స్కూలు ఊడ్చి తాళాలేసే కస్టోడియన్ గడువు అయిందని ఇచ్చిన సైగ అది. జగదీష్ కంగారుగా మైకు దగ్గరికి పరిగెత్తి, “డిన్నర్ బాక్సులు కెఫెటీరియాలో!” అన్నాడు. జనం లేచారు. ఆ మాట విన్నాక మన జనాన్ని ఏ పాటా కూర్చోబెట్టలేదు.

జగదీష్ ఒక శాలువాతో ఆమె దగ్గరికొచ్చాడు. మొహంలో నిజంగానే బాధ ఉంది.

“దేదీప్య గారూ, ఏమనుకోకండి. చూశారుగా… నెక్స్ట్ ఇయర్ ఫస్ట్ స్లాట్ మీదే. రాసిస్తాను కావాలంటే.”

“శాలువాలు చాలా ఉన్నాయి జగదీష్ గారూ. మా అమ్మ కర్టెన్లు కుట్టించింది. ఇది వద్దు.”

“అది కాదండీ…”

“మీరు వెళ్లండి, ఫుడ్ దగ్గర గొడవవుతుంది. నేను పాడుకుని వస్తాను.”

“ఎవరికండీ? హాల్లో ఎవరూ లేరుగా!”

“పాట ఉంది కదా.”

జగదీష్ శాలువా మడత పెట్టుకుని వెళ్లిపోయాడు. వీడియో అబ్బాయి కెమెరా సంచిలో సర్దేసుకున్నాడు, అతనికి ఇంకో ఊళ్లో బర్త్‌డే ఉంది. హాల్లో మిగిలింది ముందు వరసలో కోటు ఒళ్లో పెట్టుకున్న లీలావతి, వెనక కాగితాలు ఏరుతున్న కస్టోడియన్.

దేదీప్య స్టేజీ మధ్యకి నడిచింది. మైకు చచ్చిపోయింది. ఖాళీ కుర్చీలు మడుచుకుని ఉన్నాయి. నిండు హాళ్లలో ఎప్పుడూ దడుచుకోని మనిషికి ఇప్పుడు భయమేసింది. ఎవరూ వినని చోట కూడా పాడలేకపోతే ఇంక ఎక్కడా పాడనని తెలిసింది. ఊపిరి తీసుకుని మొదలుపెట్టింది.

‘మొదటి జాడ’ దాకా వచ్చాక పాత అలవాటు గొంతు పట్టుకుని వెనక్కి లాగింది. ఆమె వెళ్లలేదు. ‘నాదే’ అని నిండుగా పలికి, ఆ మాట హాలు చివరి గోడకి తగిలేదాకా ఆగింది. ఆ తర్వాత మూడో వరుస. ‘నేనున్నాను’ దగ్గర అయితే ఎవరినో దెబ్బలాడుతున్నట్టే పాడింది. కస్టోడియన్ లైట్ల స్విచ్ మీద చెయ్యి పెట్టి, పాట అయ్యేదాకా నొక్కకుండా నిలబడ్డాడు.

“ఇవాళ మింగలేదు” అంది లీలావతి, కోటు అందిస్తూ.

కారులో దేదీప్య ఏడ్చింది. పాట బాగా వచ్చినందుకూ, అది ఎవరూ చూడనందుకూ కలిపి ఏడ్చింది. తల్లి డిన్నర్ బాక్సులోంచి గారె ముక్క తుంచి నోట్లో పెట్టింది.

వీడియో రాలేదు. అయినా ఆమె ఊరుకోలేదు. న్యూజెర్సీ పిస్కాటవేలో ఉన్న స్నేహితురాలు అంకితకి ఫోన్ చేసి, అక్కడి తెలుగు స్టూడెంట్ల పార్టీలో పాడతానంది. వాళ్లకి పరీక్షలు. డెట్రాయిట్‌లో ఒక కాఫీ షాపులో పాడి వీడియో తీయించుకుంటే, అందులో కాఫీ యంత్రం బాగా పాడింది. ఏప్రిల్ సగం గడిచింది. మిస్ లొరైన్ అడగడం మానేసింది. అడగకపోవడం ఇంకా కష్టంగా ఉంది. ప్రతి పొద్దునా గరాజ్‌లోకి వెళ్లి, నిన్నమొన్నటి దేదీప్యల మధ్య నిలబడి, తడబడకుండా పాడి, ఆఫీస్‌కి వెళ్లేది.

ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. జగదీష్ కూతురు దియ. ఆ హైస్కూల్లోనే పదకొండో క్లాసు.

“ఆంటీ, మీరు బిజీనా? మీ సాంగ్ గురించి కాల్ చేసా.”

“ఏ సాంగమ్మా?”

“మా ఆడిటోరియంలో ఉంది కదా. అది ఇంకా పోలేదు ఆంటీ. లైక్, చాలా వీక్స్ అయింది.”

దేదీప్య కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఆమె గొంతు ఎక్కడా వారం దాటి నిలవలేదు.

“సారీ రా. స్కూల్‌కి ఇబ్బందిగా ఉందా?”

“నో నో! అందరికీ ఇష్టం. అసెంబ్లీలో ప్రిన్సిపల్ కూడా ‘నేనున్నాను’ వచ్చేదాకా వెయిట్ చేసి, దెన్ అనౌన్స్‌మెంట్ చేస్తుంది. బాస్కెట్‌బాల్ టీమ్ బస్‌లో పాడుతున్నారు. మీనింగ్ నేను చెప్పా. మా నాన్నని అడిగా ఎవరు పాడారు అని. నాన్న… మీ పేరు చెప్పాడు. ఇంకోటి కూడా చెప్పాడు.”

“ఏం చెప్పారు?”

“మిస్టేక్ చేసా అన్నాడు.”

దేదీప్య కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూసింది. మంచు పూర్తిగా కరిగిపోయింది.

“ఆంటీ, మా క్వయర్ టీచర్ అడుగుతోంది, మీరు స్ప్రింగ్ కాన్సర్ట్‌కి వస్తారా అని. మేము అందరం నేర్చుకున్నాం. హాల్లో దాంతోపాటే ప్రాక్టీస్ చేస్తున్నాం. బట్ అది రికార్డింగ్ లాగా కాదు కదా. మీరు ఉంటే బాగుంటుంది. దట్స్ నెక్స్ట్ ఫ్రైడే.”

“కోరస్‌కా?” అంది దేదీప్య. నోరు దాని అలవాటు కొద్దీ అడిగేసింది.

“కోరస్ మేము ఆంటీ” అంది దియ.

శుక్రవారం సాయంత్రం హాలు నిండిపోయింది. తల్లిదండ్రులు, తాతలు, నానమ్మలు, అన్ని రంగుల మనుషులు, అన్ని భాషల వాళ్లు. జనం కుర్చీలు వెతుక్కుంటుంటే పైన పాట నడుస్తూనే ఉంది, పరిచయమైన ఇంట్లో రేడియోలాగా. మూడో వరసలో జగదీష్ ఫోన్ నిలువుగా పట్టుకోవాలా అడ్డంగా పట్టుకోవాలా అని పక్కాయన్ని అడుగుతున్నాడు. అతని పక్కన లీలావతి, ఆ పక్కన ఊదారంగు కోటులో మిస్ లొరైన్. ఇద్దరికీ మధ్య ఒక గారెల డబ్బా. వెనక స్కూలు కెమెరా స్టాండ్ మీద ఉంది.

పిల్లలు వరసగా నిలబడ్డారు. దేదీప్య వచ్చి, ఎడమ పక్క, వెనగ్గా, వాళ్ల చివర నిలబడింది.

దియ గుసగుసగా, “ఆంటీ, అక్కడ కాదు. ముందు” అంది.

ముందున్న మైకు దాకా నాలుగు అడుగులే. ఆ నాలుగు అడుగులు నడవడానికి ఆమెకి ముప్ఫై ఏళ్లు పట్టిందని ఆ హాల్లో ఇద్దరికే తెలుసు.

ఆమె నోరు తెరవగానే, నెలరోజులుగా ఆ హాల్లో గొంతెత్తి పాడుతున్న గొంతు తగ్గింది. ఆగిపోలేదు. వెనక్కి జరిగింది. మాటలు వదిలేసి, ఊ అనే ఒక్క రాగంగా మారి, కుర్చీల కిందకి, తెరల వెనక్కి, పిల్లల భుజాల పక్కకి వెళ్లి నిలబడింది. పిల్లల గొంతులు దాని మీద కూర్చున్నాయి. దేదీప్యకి కాళ్ల కింద నేల గట్టిపడినట్టయింది. ఇన్నేళ్లూ ఇంకొకళ్లకి తను ఇచ్చింది ఇదా అనుకుంది. ముందు నిలబడ్డవాళ్లకి ఇలా ఉంటుందా?

వరుస చివరికొచ్చింది. వెనక గొంతు, పద్ధతి ప్రకారం, కాస్త ముందే ఆగింది. దాంతోపాటే పాడటం అలవాటైన పిల్లలూ ఆగారు. దేదీప్య కూడా ఆగిపోయింది.

ఆఖరి మాట ఎవరూ పాడలేదు. హాల్లో పెద్ద గొయ్యి పడ్డట్టు నిశ్శబ్దం. మూడో వరసలో జగదీష్ ఫోన్ దించేశాడు. పియానో ముందు కూర్చున్న టీచర్ తల తిప్పి చూసింది. దేదీప్య చెవులు వేడెక్కిపోయాయి. అందరూ ఆమె కోసమే చోటు వదిలారు. ఆ చోటులోకి రావాల్సింది తనే. ఇంకెవరూ రారు.

ఆమె టీచర్ వైపు చూసి తలూపింది. మళ్లీ మొదటి నుంచి.

ఆ తర్వాతది వీడియోలో ఉంది. నది ఒడ్డు కచేరీ వాళ్లు అది చూసే జూన్‌లో ఆమెకి అరగంట ఇచ్చారు. చూసి, మొదట్లో తప్పిన ముక్క కత్తిరించకుండా ఉంచమని కూడా చెప్పారు. కానీ ఆ సాయంత్రం దేదీప్యకి ఇవేవీ తెలీవు. ఆమెకి వెనక ఊ అంటున్న తన గొంతు తెలుసు, తన వీపు చూస్తూ పాడుతున్న పిల్లలు తెలుసు. ‘మొదటి జాడ’ అని వాళ్లు వదిలారు. ‘నాదే’ అని ఆమె అందుకుంది. ‘ఇక్కడే, ఇక్కడే’ అని హాలంతా లేచి, ఒక్కసారిగా తప్పుకుని ఆమెకి దారిచ్చింది.

“నేనున్నాను” అని పాడింది దేదీప్య, ఆ మాట పూర్తిగా అయ్యేదాకా.